ఒక్కోటి అరవై రూపాయలండీ!

మీరు సున్నుండలు చేస్తారు. పక్కింటి వదినగారికి ఓ నాలుగు గిన్నెలో పెట్టి పంపుతారు. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు, రెండు అరటిపళ్లో గుప్పెడు పంచదారో వేసి పంపుతుందావిడ. అంతేగానీ ‘వదినా, సున్నుండలు ఎంత?’ అని అడగదు. అడిగితే మనకి కోపం కూడా వస్తుంది. మన చేతి వంటకీ, మన చేతి కుట్టుకీ, పిల్లాడికి జ్వరం వస్తే తెల్లవార్లూ మేలుకున్న మేలుకోవడానికీ ధర ఉండదు. అలాగే పెరిగాం. అయితే అదే చేత్తో ఒక పుస్తకం రాసి, అచ్చేయించి, నలుగురిలో నిలబడి ‘అరవై రూపాయలండీ’ అనాల్సి వస్తే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? నోరు పెగలదు. నాకు పెగలడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది సంగతీ, ఆ తర్వాత సంగతీ మీతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మాది గన్నవరం. ఇంటర్మీడియట్ పాసయిన వేసవిలోనే పెళ్లి చేశారు. కాపురానికి వచ్చి ఇరవై ఆరేళ్లు. మావారు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తారు. అమ్మాయి ఇంజనీరింగు, అబ్బాయి ఇంటర్. అత్తయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్లు, షుగరు, మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసేది నేనే. ఈ సంసారంలో నేను పిల్లల కథలు రాస్తాను. ‘రచయిత్రి’ అనే మాట పుస్తకం అట్ట మీద చూసుకున్నప్పుడు ఎవరో వేరే ఆవిడని అన్నట్టే అనిపించింది.

కథలు ఎలా మొదలయ్యాయంటే అన్నం దగ్గర. మా పిల్లలిద్దరూ తిండి దగ్గర మహా పేచీకోరులు. ముద్దకో మలుపు ఉంటే గానీ నోరు తెరిచేవారు కాదు. మా అమ్మ చెప్పిన కథలన్నీ ఆర్నెల్లలో అయిపోయాయి. ఇక మా ఊళ్లో కనిపించేవాటితోనే అల్లడం మొదలుపెట్టాను. గన్నవరం అంటే మీకు తెలుసుగా, విమానాలు దిగే ఊరు. మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఏరోడ్రోమ్ అనే అంటారు. చుట్టూ పొలాలు, పొలాల్లో కొంగలు. ఒక కొంగ రోజూ విమానం దిగడం చూసి, పాపం ఇంత పెద్ద పిట్ట ఒక్క చేపైనా పట్టదేమిటని జాలిపడి, ముక్కున చేప కరుచుకుని దాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఈ కథ మావాడు ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో లెక్కలేదు. ఒకసారి చేపని కొర్రమీను అంటే, ‘నిన్న బొచ్చె అన్నావు కదమ్మా’ అని తగువు పెట్టుకున్నాడు. ఈ బాధ పడలేక పాల లెక్కల పుస్తకం వెనక రాసిపెట్టుకున్నాను. పత్రికల ఆదివారం పిల్లల పేజీలకి పంపితే కొన్ని అచ్చయ్యాయి. చాలావాటికి జవాబే లేదు.

2022లో నా పేరు మీదున్న చీటీ పాడుకున్నాను. పదకొండు కథలు, 48 పేజీలు, 500 కాపీలు. విజయవాడలో డీటీపీకీ, అచ్చుకీ, బైండింగుకీ కలిపి 18,500 అయింది. మా ఊరి డ్రాయింగు మాస్టారు బొమ్మలు వేసి డబ్బులొద్దన్నారు. నేనే బలవంతాన 3,000 చేతిలో పెట్టాను. మొత్తం 21,500. అట్ట ఒక్కటే రంగులు, లోపల బొమ్మలు నలుపూ తెలుపే.

ఇప్పుడు లెక్క చూడండి, ఇది తెలియక చాలామంది నన్ను ‘షాపుల్లో ఇచ్చేయొచ్చుగా, ఎందుకీ తిరుగుడు’ అంటారు. కాపీకి నాకు పడింది 43 రూపాయలు. వెల 60 వేశాం. అంతకన్నా వేస్తే ఈ నలుపు తెలుపు బొమ్మల పుస్తకం ఎవరు కొంటారు? షాపువాళ్లు నూటికి నలభై కమీషన్ తీసుకుంటారు. వాళ్లని తప్పుపట్టను, అద్దె, కరెంటు, కుర్రాడి జీతం వాళ్లకీ ఉంటాయి. అప్పుడు నా చేతికి వచ్చేది 36. అంటే షాపులో అమ్ముడుపోయిన ప్రతి పుస్తకానికీ నేను ఏడు రూపాయలు ఎదురు ఇచ్చుకోవాలి. వెయ్యీ రెండువేలూ అచ్చేస్తే కాపీ ఖర్చు తగ్గుతుందనుకోండి, అంత చీటీ నేను కట్టలేదు. కాబట్టి చేత్తో పట్టుకుని మనమే అమ్ముకోవాలి. బళ్లలో, లైబ్రరీల్లో, తిరునాళ్లలో, పుస్తకాల పండుగలో.

అసలు అమ్మకం కంటే ముందు పంపకం అయింది. పుస్తకం వచ్చిందని తెలియగానే, ‘వేశారటగా, మాకేదీ?’ అన్నారు అందరూ. ప్రేమతోనే. ఆడపడుచు అత్తగారి తరఫు, మావారి కొట్టు యజమాని ఇల్లు, అమ్మాయి స్నేహితురాళ్లు, టైలరమ్మ... పెళ్లి శుభలేఖలు పంచినట్టు 85 కాపీలు వెళ్లాయి. ఆ మధ్య ఒక చుట్టాలింటికి పేరంటానికి వెళ్తే, వరండాలో పాత పేపర్ల కట్టలో నా కొంగ కనిపించింది. అట్ట నలగలేదు, ఎవరూ తెరిచినట్టు లేదు. ఇంకొకరింట్లో బీరువా కాలి కింద ఎత్తుకి పెట్టారు. ఏమీ అనలేదు నేను, కాఫీ తాగి వచ్చేశాను. అదే మా వీధి చివర బడ్డీకొట్టువాళ్ల అమ్మాయి ఒకతి ఉంది, నాలుగో తరగతి. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు మూట కట్టుకుని వచ్చి ఎంచి మరీ కొనుక్కుంది. ఆ పిల్ల పుస్తకం చూశాను తర్వాత. మొదటి పేజీలో పెన్సిల్‌తో పేరు, తరగతి, సెక్షను, ‘ఈ పుస్తకం దొంగిలించరాదు’ అని హెచ్చరిక! ప్రతి బొమ్మకీ రంగు పూసింది. కొంగకి గులాబీ రంగు.

అయినా సరే, ధర చెప్పాలంటే నా గొంతు పూడుకుపోయేది. ఒక బడి వార్షికోత్సవంలో బల్ల వేసుకోనిచ్చారు. ఎవరైనా ‘ఎంతండీ?’ అంటే, ‘అరవై అని వేశారండీ, మీరు ఎంతిచ్చినా పర్లేదు’ అనేదాన్ని. వేసిందెవరు? నేనే కదా! ఆ రోజు ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే ఒకరు ఇరవై, ఒకరు ముప్పై. మావారు లెక్కల మనిషి కదా, ‘ఆ నాలుగు డబ్బులకి వీధిలో నిలబడ్డమెందుకు, ఇంట్లో కూర్చుని రాసుకో’ అన్నారు. నాకు కోపం కంటే చిన్నతనం ఎక్కువ వేసింది.

నోరు విప్పించింది మా అత్తయ్యగారు. ఈ మాట రాయనా వద్దా అని ఆవిణ్ణే అడిగాను, ‘రాయి, నాకేం సిగ్గా’ అన్నారు. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు ఇంట్లో రెండు గేదెలు. పాలు మామయ్యగారు కేంద్రానికి పోసేవారు, ఆ డబ్బు మామయ్యగారిది. వెన్న కాచిన నెయ్యి మాత్రం అత్తయ్యగారిది. డొంక దారిలో వచ్చే ఒకావిడకి కొలిచి అమ్మి, ఆ డబ్బులు పోపుల డబ్బా అడుగున మెంతుల కింద దాచేవారట. ముగ్గురు ఆడపిల్లల పుస్తకాలూ, బట్టలూ ఆ మెంతుల కింద నుంచే వచ్చాయి. ఆ రాత్రి నేను చిల్లర ఎంచుతుంటే మంచం మీద నుంచి చూసి, ‘అమ్మాయ్, ధర చెప్పి ఊరుకోవాలి. చెప్పిన తర్వాత మళ్లీ మాట్లాడితే అది నీకు నువ్వే బేరం ఆడుకోవడం. నేను నెయ్యి అట్టా అమ్ముంటే నీ మొగుడు స్కూలు ఫైనల్ చదివేవాడు కాదు’ అన్నారు. అంతే. మర్నాడు వంటింట్లో పప్పు ఎనుపుతూ ‘అరవై రూపాయలండీ’ అని పదిసార్లు అనుకున్నాను. నవ్వకండి. ‘అండీ’ దగ్గర ఆగడం కష్టం. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం భరించడం ఇంకా కష్టం.

2024 జనవరిలో పెద్ద అవుటపల్లి వెళ్లాను. బ్రదర్ జోసఫ్ తంబిగారి ఉత్సవాలకి ఏటా జనవరిలో అక్కడ ఎంత జనం వస్తారో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. దారి పక్కన బొమ్మలమ్మే ఒకావిడ పక్కన గోనెపట్టా పరుచుకున్నాను. ఆవిడ నన్ను ఓ గంట గమనించి, జాలిపడి, కిటుకు చెప్పింది. ‘తల్లితో మాట్లాడమాకమ్మా. పిల్లోడి చేతికిచ్చెయ్. వాడు ఏడుపు లంకించుకున్నాక తల్లే డబ్బులు తీస్తది.’ నిజమే, ఆవిడ బుడగలూ బూరాలూ అలాగే అమ్ముతోంది. నాకు మాత్రం చేతులు రాలేదు. సంతలో ఏడ్చే పిల్లాణ్ణి పెట్టుకుని పర్సులో నోట్లు చూసుకున్న తల్లిని నేనూ ఒకప్పుడు. అందుకే పుస్తకం తల్లి చేతికే ఇస్తాను. ‘ఒక పేజీ చదివి చూడండి’ అంటాను. దానివల్ల అమ్మకం తగ్గుతుందేమో, తగ్గనీండి.

తల్లి చేతికి ఇస్తే వచ్చే చిక్కు ఇంకోటుంది. పదిమందిలో ఆరుగురు, ‘మావాడికి తెలుగు చదవడం రాదండీ, ఇంగ్లీషు మీడియం’ అంటారు. కొందరు బాధగా అంటారు. కొందరి గొంతులో బాధ ఏమీ ఉండదు. మొదట్లో మొహం వాడిపోయేది నాకు. ఇప్పుడు, ‘మీకు వచ్చుగా, రాత్రి పడుకునేటప్పుడు చదివి వినిపించండి, వాడు బొమ్మలు చూస్తాడు’ అంటాను. ఒకావిడ దానికి అక్కడే నిలబడిపోయింది. ‘నేను తెలుగు చదివి ఎన్నేళ్లయిందో’ అని కూడబలుక్కుంటూ అరపేజీ చదివి, నవ్వి, కొనుక్కుంది. ఆ పుస్తకం పిల్లాడికా తల్లికా అంటే చెప్పలేను.

మన చిన్నప్పుడు ఈ గొడవ లేదు. చందమామ ఇంటికొచ్చేది. 1947 జులైలో మద్రాసులో మొదలుపెట్టారు నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. 1952 నుంచి 1980లో పోయేదాకా మన తెనాలి కొడవటిగంటి కుటుంబరావుగారు దాన్ని నడిపారు. పిల్లల పుస్తకాన్ని రచయిత బజార్లో నిలబడి అమ్మాల్సిన పని ఉండేది కాదు, ఏజెంట్లు ఉండేవారు, ఇంటింటా చందాలు ఉండేవి. ఇప్పుడా చందమామా ఆగిపోయింది. అలాగే మన బందరులో 1936లో పుట్టిన తురగా జానకీరాణిగారు హైదరాబాదు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపారు. ఆవిడకి మైకు ఉంది, జీతం ఉంది. ఇంట్లోంచి రాసే మనలాంటివాళ్లకి రెండూ లేవు. పిల్లల పుస్తకాలకి ఏం గౌరవం ఉందిలే అని మాత్రం అనకండి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి వేరేగా బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది, 50,000 రూపాయలు. తెలుగులో 2013కి డి. సుజాతాదేవిగారి ‘ఆటలో అరటిపండు’కీ, 2020కి కన్నెగంటి అనసూయగారి ‘స్నేహితులు’కీ వచ్చింది. ఇద్దరూ ఆడవాళ్లే.

నాకు బాగా ధైర్యమిచ్చింది మాత్రం ఇంగ్లండావిడ. బియాట్రిక్స్ పాటర్ అని, మా అమ్మాయి లైబ్రరీలో చదివి వచ్చి చెప్పింది. జబ్బుపడ్డ ఒక పిల్లాడికి 1893లో ఉత్తరంలో కుందేలు పిల్ల కథ బొమ్మలతో రాసి పంపిందట. తర్వాత దాన్ని పుస్తకం వేయమని ప్రచురణకర్తల చుట్టూ తిరిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. పెద్ద పుస్తకం చేస్తే వేస్తామన్నవాళ్లతో, పిల్లలు కొనుక్కోగలిగేలా చిన్నదిగా, చవగ్గా ఉండాలని పట్టుబట్టింది. చివరికి 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు వేసుకుంది. లోపల బొమ్మలు నలుపూ తెలుపే, ముందొక్కటే రంగు బొమ్మ! అది వినగానే నా పుస్తకం తీసి మళ్లీ చూసుకున్నాను. కాపీ ఒక షిల్లింగు రెండు పెన్నీలకి అమ్మింది. అవి చెల్లిపోతే 1902 ఫిబ్రవరిలో ఇంకో 200 వేసింది. తర్వాత పెద్ద ప్రచురణ సంస్థ కూడా దాన్ని వేసింది. ఆవిడ సంగతి మావారికి చెబితే, ‘ఆవిడకి అప్పటికి పెళ్లి కాలేదుగా’ అన్నారు. అందులో ఉన్న నిజం ఆయన అనుకున్నదానికంటే పెద్దది. ఇంట్లో ఇన్సులిన్ సూది, కారేజీలు, పాలు పొంగడం లేకుండా కూర్చుని ఉత్తరం రాసుకోవడం ఎంత అదృష్టం!

అదే ఏడాది వరద వచ్చింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా చెల్లెలు అక్కడే ఉంటుంది. విజయవాడలో షాపులకి ఇవ్వడానికి దగ్గరని 140 పుస్తకాలు వాళ్లింట్లో పెట్టాం. వాళ్లు నాలుగు రోజులు మేడ మీద ఉన్నారు, కింద ఫ్రిజ్జు నీళ్లలో తేలింది. మంచాలు, బియ్యం, కుట్టుమిషను, పిల్లల సర్టిఫికెట్లు, ఒకటి కాదు. ఆ ఇంట్లో నిలబడి నా పుస్తకాల పేరు ఎత్తడానికి ఎవరికి మనసొప్పుతుంది? నేను ఎత్తలేదు. నీళ్లు తీశాక బురద ఊడుస్తుంటే మా చెల్లెలే ఆ అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టి ఏడ్చింది. తన సంసారమంతా పోయి, నా పుస్తకాల కోసం ఏడ్చింది చూడండి.

పెట్టెలో నడిమి వరసలవి ఓ 32 పుస్తకాలు ఎండబెడితే పనికొచ్చాయి. పేజీలు అప్పడాల్లా ఉబ్బాయి. బురద వాసన పోలేదు. ఆ వీధిలో పిల్లలకి సంచులతో సహా పుస్తకాలన్నీ పోయాయి, బడులు తెరవలేదు. మేడ మెట్ల మీద కూర్చుని ఆ ఉబ్బిన పుస్తకాల్ని ఒకరి భుజం మీంచి ఒకరు చదువుకున్నారు. అవి అమ్మలేదు. ధర గురించి ఇంత చెప్పినదాన్ని, ఆ 32కీ ధర లేదు.

వరద తర్వాత మావారు నన్ను ఏమీ అనడం మానేశారు. ఇంట్లో మిగిలిన 120 కాపీలూ ఒక సాయంత్రం కూర్చుని ఎంచారు. కాగితం మీద నా జమాఖర్చు వేశారు. ‘బుక్ ఫెస్టివల్‌కి వెళ్లు’ అన్నారు.

విజయవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. మా తరం వాళ్లకి అదంటే పీడబ్ల్యూడీ గ్రౌండ్సే, స్వరాజ్య మైదానం. పెళ్లయిన కొత్తలో మావారు నన్ను తీసుకెళ్లింది అక్కడికే. అక్కడిప్పుడు అంబేద్కర్‌గారి పెద్ద విగ్రహం ఉంది, 2024 జనవరిలో ఆవిష్కరించారు. 2025లో 35వ మహోత్సవం జనవరి 2 నుంచి 12 దాకా ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. తెలిసిన పుస్తకాల ఆయన తన స్టాల్లో ఒక మూల రెండడుగుల బల్ల ఇచ్చారు. ఆ తేదీలు చూశారా? సంక్రాంతి ముందు పదకొండు రోజులు! ఇల్లు దులపడం, అరిసెల పిండి, చక్రాలు, ఆడపడుచుల రాక. పండగలో పుస్తకాలమ్మడం కాదు, పండగని పక్కన పెట్టి అమ్మడం. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఒంటి గంటకల్లా వంటా అత్తయ్యగారి భోజనం మాత్రలూ అన్నీ చూసి, బస్సెక్కి, రామవరప్పాడు రింగు దగ్గర ఇరుక్కుని, మూడింటికి బల్ల దగ్గర. రాత్రి తిరిగొచ్చేసరికి పది. ఆ ఏడు మా ఇంట్లో అరిసెలు కొన్నవే. బావుండలేదు, ఆ మాట అందరూ అన్నారు.

అక్కడ నూటికి పది తగ్గింపు ఆనవాయితీ. అందుకని నా 60 కాస్తా 54 అయింది. చిల్లర గొడవ! మావాడు క్యూఆర్ కోడ్ తెచ్చి బల్లకి అంటించాడు. అది వాడి ఖాతాదే. ‘సర్వీసు చార్జీ’ అన్నాడు, అది వేరే కథ. రోజూ పిల్లల్ని వరసగట్టి టీచర్లు తెచ్చేవారు. చేతిలో ఇరవయ్యో ముప్పయ్యో ఉండే ఆ పిల్లల్ని చూస్తే మాత్రం, పొట్టి పుస్తకం ఇంకా చవగ్గా వేయాలనిపించేది. ఇద్దరు చెల్లెళ్లు డబ్బులు కలిపి ఒకటి కొన్నారు. ఎవరింట్లో ఉండాలని వెంటనే దెబ్బలాట, ఇద్దరిదీ ఒకే ఇల్లేనట, ఎవరి సంచిలో అన్నది తగువు.

ఐదో రోజు నాలుగింటికి అమ్మాయి ఫోన్. ‘నాన్నమ్మకి చెమటలు పట్టేస్తున్నాయి, మాట తడబడుతోంది.’ షుగరు పడిపోయిందని అర్థమైంది. ‘పంచదార నీళ్లు గుక్క గుక్కగా పట్టు, నేనొస్తున్నా’ అని బల్ల వదిలేసి ఆటో ఎక్కాను. దారి పొడుగునా నాకు అనిపించిందేమిటో మీకు చెప్పక్కర్లేదు, మీరు ఆడవాళ్లే. ఇంటికి వెళ్లేసరికి అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ముందడిగిన మాట, ‘బల్ల దగ్గర ఎవరున్నారు?’ మర్నాడు నన్ను వెళ్లనివ్వలేదు మావారు. సెలవు పెట్టి తనే వెళ్లారు. నేను అత్తయ్యగారి దగ్గరున్నాను. రాత్రి వచ్చి పదకొండు పుస్తకాల డబ్బులు బల్ల మీద పెట్టారు. నేను ఏ రోజూ తొమ్మిది దాటలేదు! ఎలా అమ్మారని అడిగితే, ‘ఏముంది? అరవై, పది శాతం పోను 54 అని చెప్పాను, తీసుకున్నారు’ అన్నారు. అంతే ఆయనకి. ఆ మాట అనడానికి నేను పప్పు గిన్నె దగ్గర సాధన చేసిన సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది.

పండగలో 70 అమ్ముడుపోయాయి. ఇప్పటిదాకా చేత్తో అమ్మినవి మొత్తం 190, షాపుల ద్వారా 60. వచ్చింది 13,140. పెట్టిన 21,500 లోంచి తీసేస్తే ఇంకా 8,360 నష్టం. ఇంట్లో 25 కాపీలున్నాయి. ఒక బడికి ఇచ్చిన వాటి డబ్బులు వస్తూనే ఉన్నాయి, నా లెక్కలో అవి వచ్చినట్టే రాశాను, ఆశ! బయటి ఊళ్ల నుంచి ఒకరిద్దరు అడుగుతున్నారు గానీ పోస్టు ఖర్చు పుస్తకమంత అవుతోంది. రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో తీసేశారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలతో మొదలు. మీలో ఎవరైనా పుస్తకాలు పంపేవాళ్లుంటే పోస్టాఫీసులో అడగండి. 2025 ఆగస్టు 15 నుంచి మాత్రం బస్సు కలిసొచ్చింది, ఆడవాళ్లకి టిక్కెట్టు లేదుగా. వంద పుస్తకాల పెట్టె మాత్రం పది కిలోలు ఉంటుంది, దాన్ని ఎక్కించేటప్పుడు కండక్టరు చూసే చూపు అలాగే ఉంది.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఊళ్లో లైబ్రరీలో పిల్లలకి కొంగ కథ చెప్పమన్నారు. అక్కడో పెద్దాయన 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం పెట్టి ఊరూరికీ పుస్తకాలు తీసుకెళ్లిన సంగతి చెప్పారు. వింటుంటే నాకు కాలువ గట్టున గేదెలు, తెరచాప, పుస్తకాల పెట్టె కళ్లకి కట్టాయి. ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెబుతూ చెబుతూ ఆ రాత్రే కథ మొదలుపెట్టాను. పడవలో పుస్తకాలతో పాటు ఎక్కేసిన ఒక పిల్లి కథ. రెండో పుస్తకంలో మొదటి కథ అదే. అమ్మాయి ఫీజు రెండో వాయిదా కట్టాక కొత్త చీటీ ఎప్పుడు పాడాలో మావారు లెక్క వేస్తున్నారు. ఈసారి 32 పేజీలే, వెల 40. డ్రాయింగు మాస్టారు పిల్లికి మీసాలు ఎక్కువయ్యాయా అని అడిగి పంపారు, చూసి చెప్పాలి.

పుస్తకాల పండుగలోనో, అవుటపల్లిలోనో, ఏ బడి వరండాలోనో కొంగ బొమ్మ అట్ట కనిపిస్తే ఆగండి. పేజీ తిప్పి చదివి చూడండి, కొనకపోయినా ఏమీ అనుకోను. కొంటే మాత్రం కాస్త చిల్లర తెచ్చుకోండి.